కాయమూ కాగితమూ

పాత పుస్తకాలు పోగుచేసే పిచ్చి లోకంలో కొత్తది కాదు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఆ పిచ్చి వుంటే జనం ముచ్చటపడతారు కూడాను. "ఏం సేకరిస్తారండీ, ప్రబంధాలా? వావిళ్లవారి పాత ముద్రణలా?" అని అడుగుతారు. నేను బీరువా తలుపు తెరుస్తాను. ఎదురుగా ఒక అస్థిపంజరం గోరీమీద మోచెయ్యి ఆనించి, పుర్రెమీద చెయ్యి వేసి దీర్ఘాలోచనలో వుంటుంది. దాని పక్కన, ఒంటిమీద తోలన్నది లేకుండా ఒట్టి కండరాలతో నిలబడి ఆకాశంకేసి చూసే మనిషి. అటుపైన సంభాషణ కాఫీమీదికీ, వానలమీదికీ మళ్లిపోతుంది.

మా ఆవిడ ఈ విషయంలో రెండు శాసనాలు చేసింది. ఆ పుస్తకాలు దేవుడి గూటికి ఎదురుగా వుండకూడదు. భోజనాల బల్లమీదికి రాకూడదు. మొదటిదాన్ని నేను ఎన్నడూ ధిక్కరించలేదు. రెండోదాన్ని నెలకొకసారి ధిక్కరిస్తూనే వుంటాను. "ఏమండీ, ఆ పేగుల పుస్తకం తీస్తారా, చారు వడ్డించమంటారా?" అని ఆవిడ గరిటె పట్టుకుని నిలబడుతుంది. ముప్పై వసంతాల సాహిత్య వ్యాసంగంలో ఇంత సూటియైన ప్రశ్న నన్ను ఏ పరీక్షకుడూ అడగలేదు.

ముందే చెప్పుకోవాలి. నా దగ్గర వెసేలియస్ లేడు. 1543లో బేసిల్ నగరంలో ఒపొరినస్ అనే ముద్రాపకుడు అచ్చువేసిన ఆ మహాగ్రంథం తొలి ముద్రణ ప్రతి కొనాలంటే నా జీతం, నా భవిష్యనిధి, మా ఇల్లూ కలిపినా చాలవు. నా దగ్గర వున్నవి వాటి ఛాయాప్రతులు, అట్టలూడిన విడి సంపుటాలు, మొదటి పుటలు పోయి తనపేరు తానే మరిచిపోయిన పుస్తకాలు, లితో ముద్రణలో వచ్చిన ఉర్దూ వైద్యగ్రంథాలు కొన్ని, ఆయుర్వేదశారీరం మీద సంస్కృతంలోనూ తెలుగులోనూ వచ్చినవి కొన్ని. కాళ్లు అరిగేలా తిరిగితే సికిందరాబాదులోనూ హైదరాబాదులోనూ దొరికేవి ఇవే. కంటోన్మెంటు పుట్టింది 1806లో. నూటనలభై ఏళ్లపాటు పల్టన్లతో పాటు వచ్చిన వైద్యులు పెట్టెలకొద్దీ పుస్తకాలు తెచ్చారు. వెళ్లేటప్పుడు అన్నీ తీసుకువెళ్లలేదు. అవి వేలంపాటల్లోంచి కబాడీ దుకాణాలకి, అక్కణ్ణించి ఆబిడ్స్ ఆదివారపు బజారుకి, కోఠీ కాలిబాటలకి చేరాయి. అక్కడ నాబోటివాడు ఉకుడుగా కూర్చుని దుమ్ము దులుపుతూ వుంటాడు.

ఇంతకీ తెలుగు ఎమ్మే చదివినవాడికి ఎముకలతో ఏం పని?

అయిదారేళ్ల క్రితం మా అమ్మకి కడుపులో విపరీతమైన నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాం. పరీక్షలన్నీ చేసి డాక్టరుగారు, "పాంక్రియాస్ వాచిందమ్మా" అన్నారు. ఆయన వెళ్లాక అమ్మ నాకేసి తిరిగి, "అదేమిట్రా నాయనా, తెలుగులో చెప్పు" అంది. "క్లోమం అమ్మా" అన్నాను. "అయితే అది ఎక్కడుంటుంది?" అంది. ఎక్కడుంటుందంటే పొట్టలో వుంటుంది. అంతకుమించి ఆ మాట నాకేమీ చెప్పలేదు. అమ్మ పదిరోజులకి కోలుకుని ఇంటికి వచ్చింది. ఆ పదిరోజులూ ఆస్పత్రి బల్లమీద కూర్చుని నేను ఆలోచించింది ఆ రెండక్షరాల మాటగురించే.

ఇంటికి వచ్చి నిఘంటువులు తిరగేశాను. అప్పుడు తెలిసింది దాని కథ. క్లోమమన్నది వేదకాలంనుంచీ వున్న మాట. అమరకోశం మనుష్యవర్గంలో దాన్ని చేర్చింది. కాని ఆ మాట ఏ అవయవానికి పేరో పండితులకే పొత్తు కుదరలేదు. మోనియర్ విలియమ్స్ నిఘంటువు దాన్ని కుడి ఊపిరితిత్తి అంటుంది. వైద్యుల్లో పిత్తాశయం అన్నవారున్నారు, కంఠనాళం అన్నవారున్నారు. దాహానికి స్థానం క్లోమమని ప్రాచీనులు చెప్పారు గనక, ఎవరికి ఏ అవయవం దాహంతో ముడిపడినట్లు తోస్తే వారు దానికి ఆ పేరు పెట్టారు. ఆధునికులు శాస్త్రాన్ని దేశభాషల్లోకి తెచ్చుకునేటప్పుడు హిందీవారు అగ్న్యాశయమని కొత్తమాట తీసుకున్నారు, తమిళులు కణైయం అన్నారు. మనం మాత్రం స్థిరనివాసం లేని ఈ పాతమాటను తెచ్చి జీర్ణాశయం వెనకాల కాపురం పెట్టించాం. మంచిపనే చేశాం. ఆ అవయవంలో లోపంవల్ల వచ్చే మధుమేహానికి మొదటి లక్షణం దాహమే కదా!

అలా ఒక మాట వెంట పడ్డవాణ్ణి మిగతా మాటల వెంట కూడా పడ్డాను. మాటలకి బొమ్మలు కావాలి. బొమ్మలకోసం పుస్తకాలు కావాలి. అదీ ఆరంభం.

మాటల సంగతికి వస్తే, కాలేజీలో మా శాఖవారందరికన్నా మోండా మార్కెట్లో మాంసం కొట్టేవాడికే ఎక్కువ శారీరశాస్త్రం తెలుసు. కార్జం, గుర్దా, తిల్లి, భేజా, బోటి, నల్లి. ప్రతి మాటకూ అతని కత్తికింద ఒక నిశ్చితమైన వస్తువుంది, ఒక ధరవుంది. క్లోమంలాగా ఊరూరా తిరిగే మాట అతని దగ్గర ఒక్కటీ లేదు. సికిందరాబాదు తరగతిగదిలో ఇంకో తమాషా వుంది. "బొక్క" అని నల్లబల్లమీద రాస్తే గుంటూరునుంచి వచ్చిన కుర్రవాడు రంధ్రమంటాడు, జనగామనుంచి వచ్చిన కుర్రవాడు ఎముక అంటాడు. "బొక్క విరిగింది" అంటే ఒకడు జాలిపడతాడు, ఇంకొకడు పకాలున నవ్వుతాడు. ఇద్దరిదీ తెలుగే. ఏది సరి అని నన్నడిగితే, ఎవడి ఒంట్లో విరిగితే వాడి మాటే సరి అంటాను.

ఉర్దూ పుస్తకాల్లో దొరికిన ఒక మాట నాకు మరీ నచ్చింది. హైదరాబాదు వైద్యపాఠశాల 1846లో మొదలైంది. తొలిరోజుల్లో అక్కడి చదువు ఉర్దూలోనే సాగింది. ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు, 1917లో స్థాపించిన అనువాదశాఖవారు శాస్త్రగ్రంథాలెన్నిటినో ఉర్దూలోకి దించారు. ఆ భాషలో శరీర నిర్మాణ శాస్త్రానికి పేరు "తష్రీహ్". ఒక ఆదివారం ఆబిడ్స్‌లో నేను అలాంటి సంపుటమొకటి తిరగేస్తుంటే, దుకాణదారు, తెల్లగడ్డం పెద్దమనిషి, "మీరేం చెబుతారు సార్ కాలేజీలో?" అన్నాడు. "తెలుగు పద్యాలు చెబుతాను" అన్నాను. "అయితే మీరు చేసేదీ తష్రీహే" అన్నాడు. ఉర్దూలో షేర్‌కి అర్థం విడమరచి చెప్పడాన్ని కూడా తష్రీహ్ అనే అంటారట! శవాన్ని విప్పి చూపడానికీ, పద్యాన్ని విప్పి చెప్పడానికీ ఒకటే మాట.

నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. సగందారిలో నవ్వు ఆగిపోయింది. మనం మాత్రం ఏం తక్కువ? పద్యం చెప్పేటప్పుడు మొట్టమొదట చేసే పని పదచ్ఛేదం. వైద్యవిద్యార్థి మొట్టమొదట చేసేది శవచ్ఛేదం. బెంగాలీలో శారీరశాస్త్రం మీద తొలి ముద్రిత గ్రంథం కేరీ దొరగారి కొడుకు ఫీలిక్స్ కేరీ రాశాడు. బ్రిటానికా విజ్ఞానసర్వస్వంలోని వ్యాసాన్ని తీసుకుని శ్రీరాంపూరులో 1819, 1820 సంవత్సరాల్లో అచ్చువేశారు. దానికి ఆయన పెట్టుకున్న పేరు "వ్యవచ్ఛేద విద్య". అదీ ఛేదమే!

మనవాళ్లకి ఛేదం కొత్తకాదు. సుశ్రుతుడు శారీరస్థానంలో ఆ పద్ధతిని వంటలా వివరించి చెప్పాడు. విషంతో చావని, దీర్ఘరోగంతో తీసుకోని, నూరేళ్లు నిండని శరీరం కావాలి. పేగుల్లోని మలం తీసేసి, దర్భలాంటి గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, మరుగైనచోట పారే నీళ్లలో వుంచాలి. ఏడు రాత్రులయాక తీసి వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు మొదలైనవాటితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రాస్తూ, చర్మంనుంచి లోపలిదాకా ఒక్కొక్క పొరనూ కంటితో చూడాలి. కత్తి లేదు, నీళ్లూ కుంచే. చదువుతుంటే నాకు తాళపత్రాన్ని నిమ్మగడ్డి నూనెతో తుడిచి అక్షరాలు పైకి తేల్చే మనిషి కళ్లముందు కదిలాడు.

మధ్యలో ఎన్నో వందల ఏళ్లు ఆ కుంచె మూలపడింది. కలకత్తాలో మధుసూదన గుప్త అనే వైద్యపండితుడు సుశ్రుత సంహితను పరిష్కరించి 1835, 1836 సంవత్సరాల్లో తొలిసారి అచ్చువేయించాడు. ఆ 1836లోనే కలకత్తా వైద్యకళాశాలలో శవచ్ఛేదం చేసి లోకాన్ని నిర్ఘాంతపరచినవాడూ ఆయనే. ఒక చేత్తో సుశ్రుతుణ్ణి అచ్చులోకి తెచ్చి, ఇంకో చేత్తో సుశ్రుతుడు చెప్పినపని చేశాడు. మన కావ్యపండితుల్లో చెప్పినది చేసినవారి లెక్క తియ్యకపోవడమే మర్యాద.

ఎముకల లెక్కలో మాత్రం సుశ్రుతుడు మూడువందలన్నాడు, చరకుడు మూడువందల అరవై అన్నాడు. ఇప్పటి లెక్క 206. దీన్ని పట్టుకుని వెక్కిరించేవాళ్లనీ చూశాను, ఏదో రహస్యం వుందని కళ్లు మూసుకునేవాళ్లనీ చూశాను. హెర్న్లే అనే పండితుడు 1907లో ఆక్స్‌ఫర్డులో అచ్చయిన తన పుస్తకంలో ఆ లెక్కను ఎముక ఎముకా విప్పి చూపించాడు. చరకుడు పళ్లనీ, పళ్ల గూళ్లనీ, గోళ్లనీ కూడా ఎముకల్లో వేశాడు. మృదులాస్థులు కూడా లెక్కకి వచ్చాయి. దేన్ని ఎముక అనాలన్నదాంట్లో వుంది తేడా. మళ్లీ మాటదగ్గరికే వచ్చాం.

తమిళులమీద నాకు ఈ విషయంలో అసూయ. యాళ్‌పాణం దగ్గర మానిప్పాయ్‌లో శామ్యూల్ ఫిస్క్ గ్రీన్ అనే అమెరికన్ మిషనరీ డాక్టరు తమిళం నేర్చుకుని, తమిళంలోనే వైద్యం బోధించి, 1857లో కటర్ రాసిన శారీరశాస్త్రాన్ని తమిళంలో అచ్చువేయించాడు. 1872లో మరింత పెద్ద గ్రంథం తెచ్చాడు. దాని పేరులో "అంగాదిపాదం" అన్న పాతమాటను నిలుపుకున్నాడు. మనకి ఆ కాలంలో శరీరశాస్త్రం సంగ్రహాలుగా వచ్చింది. వీరేశలింగం పంతులుగారు తీరిక లేని జీవితంలో ఎలా తీరిక చేసుకున్నారో, దేహారోగ్యం మీదా శరీరశాస్త్రం మీదా కలం నడిపారు. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞానచంద్రికా మండలికి ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రం రాసిచ్చారు. ఆ పాత ప్రతుల కాగితం ఇప్పుడు అప్పడంలాగా వుంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. కర్రగుజ్జుతో చేసిన కాగితానికి ఆయుష్షు తక్కువ. గుడ్డపీలికలతో చేసిన 1543 నాటి కాగితం ఇప్పటికీ గట్టిగా వుంది. నూరేళ్ల కిందటి మన పుస్తకాలు పొడి అవుతున్నాయి.

బొమ్మల విషయం చెప్పకపోతే ఈ వ్యాసం వట్టి నిఘంటువు అవుతుంది. వెసేలియస్ తన గ్రంథం అచ్చయేనాటికి ఇరవై ఎనిమిదేళ్లవాడు. పదమూడు వందల ఏళ్లుగా గేలెన్ చెప్పిందే వేదమనుకుంటున్న యూరపులో, ఆ గేలెన్ కోతుల్ని కోసి మనుషులగురించి రాశాడని బల్లగుద్ది చెప్పాడు. అతని బొమ్మల్లోని మనుషులు తోలూడిపోయినా పాదువా పొలిమేరల్లోని కొండల్నీ గుళ్లనీ వెనక పెట్టుకుని షికారుకు వెళ్లినట్లు నిలబడతారు. ఆ బొమ్మలకి చెక్కలు వెనిస్‌లో చెక్కి ఆల్ప్స్ కొండలమీదుగా బేసిల్‌కి చేర్చారు. అవి నాలుగు వందల ఏళ్లు బతికాయి. 1934లో వాటితో మళ్లీ ఒకసారి అచ్చువేశారు కూడాను. పది సంవత్సరాలు గడిచాయో లేదో, యుద్ధంలో మ్యూనిక్ మీద పడ్డ బాంబులకి బూడిదయ్యాయి. చెక్కమీది అస్థిపంజరాలకి కూడా దహనసంస్కారం తప్పలేదు.

1747లో లైడెన్‌లో అచ్చయిన ఆల్బినస్ పటాల్లో ఇంకో విశేషముంది. దివ్యంగా నిలబడ్డ అస్థిపంజరం వెనకాల గడ్డిమేస్తూ ఒక ఖడ్గమృగం! అది మన దేశపుదే. బెంగాలులో డచ్చి కంపెనీ అధికారి ఇంట్లో పెరిగి, 1741లో ఓడెక్కి రాటర్‌డామ్ చేరి, క్లారా అనే పేరుతో యూరపంతా ఊరేగింది. మనిషి ఎముకల పుస్తకంలో దానికేం పనని పండితులు అప్పుడే కోప్పడ్డారట. నాకు మాత్రం ఆ పటం చూసినప్పుడల్లా పరాయిదేశంలో మనవాళ్లెవరో కనబడ్డట్లు వుంటుంది.

ఇక గ్రే పుస్తకం. వైద్యవిద్యార్థి వున్న ప్రతి ఇంట్లోనూ వుండే ఆ పేరు హెన్రీ గ్రేది. 1858లో లండనులో తొలి ముద్రణ వచ్చింది. ఏడువందల యాభై పుటలు, 363 బొమ్మలు. బొమ్మలన్నీ హెన్రీ వాండైక్ కార్టర్ వేశాడు. అతను చేసిన గొప్పపని ఒకటుంది. అంతకుముందు చాలా పుస్తకాల్లో అవయవానికి ఒక అక్షరమో అంకెయో వేసి, దాని పేరు వేరేచోట పట్టికలో ఇచ్చేవారు. కార్టర్ పేరును తీసుకువెళ్లి ఎముకమీదే రాశాడు, నరంమీదే రాశాడు. టీకను పుట అడుగునుంచి తీసి పద్యంలో పెట్టినట్లు! పుస్తకానికి రాబడి మాత్రం గ్రేకి ముద్రణ ముద్రణకీ, కార్టర్‌కి ఒక్కసారే. ముఖపత్రం మీద అతని పేరు అక్షరాలను చిన్నవి చేయించినవాడు కూడా గ్రేయే. పుస్తకం బయటికి వచ్చేనాటికి కార్టర్ బొంబాయిలో వున్నాడు. గ్రాంట్ వైద్యకళాశాలలో పాఠాలు చెబుతూ, మదురపాదమనే వ్రణం మీదా, కుష్ఠుమీదా పనిచేస్తూ ముప్పై ఏళ్లు ఈ దేశంలోనే గడిపాడు. గ్రే 1861లో మశూచికంతో ముప్పైనాలుగో ఏట పోయాడు. కార్టర్ 1897లో పోయాడు. ఆ 1897 ఆగస్టు 20న మా బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమపొట్ట కోసి మలేరియా బీజాన్ని చూశాడు. ఛేదమంటే మనిషినే కొయ్యనక్కరలేదు మరి.

నా బీరువాలో అన్నిటికన్నా విలువైనది ఈ గ్రే గ్రంథమే. బజారులో దానికి విలువ లేదు. మొదటి పుటలు లేవు, చివరి పుటలు చెదలు తిన్నాయి. పైగా మార్జిన్లనిండా సిరాతో గీతలు. ఆ రోజు దుకాణంలో దాన్ని నేను మొదటిసారి చూసేసరికి ఒకాయన బేరం ఆడుతున్నాడు. ఆయనకి పుస్తకం అక్కరలేదు. బొమ్మలున్న పుటలు ముప్పై కోసి ఇస్తే చాలు, ఫ్రేములు కట్టించి హోటలు గోడలకి తగిలిస్తాడట. పాత పుస్తకాల వ్యాపారంలో ఇది మామూలైపోయింది. నిండు పుస్తకంకన్నా కోసిన పుటలకే ఎక్కువ గిట్టుబాటు. దుకాణదారు బ్లేడు కూడా తీశాడు. నేను మధ్యలో పడి, ముప్పై పుటలకి ఆయన ఇస్తానన్నదానికన్నా నూరు రూపాయలు ఎక్కువిచ్చి మొత్తం పుస్తకం తీసుకున్నాను. హోటలాయన నన్ను ఎగాదిగా చూసి, "మీదీ హోటలేనా?" అన్నాడు.

ఇంటికి తెచ్చి మెత్తటి కుంచెతో దులిపి చూస్తే, మార్జిన్లలోని రాత తెలుగు! ఎవరో ఒక విద్యార్థి ఇంగ్లీషు పేరు పక్కన తెలుగు పేరు రాసుకుంటూ పోయాడు. మూత్రపిండం దగ్గర "ఉలవకాయ". కాలేయం దగ్గర "కార్జము". మోకాలి దగ్గర "చిప్ప". కొన్నిచోట్ల ఏమీ తోచక ప్రశ్నార్థకం. అతనెవరో, ఏ ఊరివాడో పుస్తకంలో ఎక్కడా లేదు. కాని నాకు తెలిసిన శాస్త్రం ఒకటుంది కదా. అతను అరసున్నలు వదలకుండా రాశాడు. బండిరా ఎక్కడ రావాలో అక్కడే వేశాడు. మకారాంతాలు ముదురు. గ్రాంథికంలో చదువుకుని వైద్యానికి వెళ్లిన తరం. పరీక్షలో ఈ తెలుగు మాటలకి ఒక్క మార్కు రాదు. అయినా రాసుకున్నాడు. ఎందుకు? ఇంటికి వెళితే వాళ్ల అమ్మ "ఎక్కడుంటుందిరా?" అని అడుగుతుందని కావచ్చు.

ముంజేతి కండరాల బొమ్మ వున్న పుటలో, అడుగున, మిగతా రాతకన్నా చిన్న అక్షరాలతో ఒక వాక్యముంది: "మా బల్లమీఁది వానికి ముంజేతిమీఁదఁ బచ్చబొట్టు. పేరు మాసినది."

అంతే. తరువాతి పుటలో మళ్లీ ఎముకలు, స్నాయువులు, పరీక్ష గుర్తులు.

ఆ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అప్పటిదాకా ఈ పుస్తకాల్లో నేను చూసింది మాటల్నీ, గీతల్నీ, కాగితాన్నీ. మర్నాడు ఉండబట్టలేక అమ్మకి చదివి వినిపించాను. అమ్మ ఆ పుట తీసుకుని, కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. "ఎవరి బిడ్డో" అంది. కాసేపాగి, "అడిగే పట్టించుకున్నార్రా వాణ్ణి?" అంది.

దానికి నా బీరువాలో వున్న జవాబు మంచిది కాదు. వెసేలియస్ బల్లమీదికి వచ్చింది ఉరితీసిన ఖైదీలు. దొంగచాటుగా గోరీలు తవ్వి తెచ్చినవాళ్లు కూడా వున్నారు. శవాలకోసం హత్యలు కూడా జరిగాక బ్రిటనులో 1832లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం ఎవరూ వచ్చి అడగని శవాల్ని వైద్యశాలలకు ఇయ్యవచ్చు. ఎవరూ అడగనివారెవరు? బీదల వసతిగృహాల్లో దిక్కులేక పోయినవాళ్లు. ఉరిశిక్ష స్థానంలో బీదరికం వచ్చింది. గ్రే, కార్టర్ కోసింది అలాంటివాళ్లనే. వియన్నాలో పెర్న్‌కోఫ్ అనే నాజీ ఆచార్యుడు 1937నుంచి ప్రకటించిన పటాలు అందంలో సాటిలేనివని పేరుపొందాయి. వాటిలో కొన్నిటికి హిట్లరు ప్రభుత్వం చంపించినవారి శరీరాలు వాడారని తరువాత తేలింది. ఆ పుస్తకం నాకు ఒకసారి చవకగా దొరకబోయింది. వద్దన్నాను. "అయితే మిగతావన్నీ ఎందుకుంచుకున్నావు?" అని నన్ను ఒక మిత్రుడు నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ పటాల్లోని ఒక్కొక్క మనిషీ తన ఒళ్లిచ్చి తరతరాల వైద్యుల చేతికి దారి చూపించాడు. మా అమ్మ పొట్టలో క్లోమం ఎక్కడుందో డాక్టరుకి తెలిసింది అతనివల్లే. ఆ పుస్తకాన్ని పారవేస్తే అతను ఇంకోసారి దిక్కులేనివాడవుతాడని నా వాదన. హంతకుడు కావాలని చంపించి బొమ్మ గీయించినదాన్ని ఇంట్లో పెట్టుకోవడానికి మాత్రం నా మనసు ఒప్పలేదు. ఈ గీత సరిగ్గా గీశానని నేను ప్రమాణం చెయ్యలేను.

అమ్మ ఇవన్నీ విన్నది. వారం రోజులు ఏమీ అనలేదు. ఒకనాడు మధ్యాహ్నం వత్తులు చేసుకుంటూ, "ఇప్పుడు కూడా అడక్కుండానే తీసుకుంటార్రా?" అంది. ఇప్పుడు బతికుండగానే కాగితం రాసి ఇచ్చేవారున్నారనీ, వైద్యకళాశాలలు ఆ శరీరాల్ని తీసుకుంటాయనీ, కొన్నిచోట్ల పిల్లలు మొదటిరోజున ఆ శరీరం ఎదుట చేతులు కట్టుకుని నిలబడి ప్రమాణం చేస్తారనీ చెప్పాను. అమ్మ వత్తి నలిపి పక్కన పెట్టి, "అయితే ఆ కాగితం తెచ్చిపెట్టు" అంది.

అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్లు. ఏకాదశి తప్పదు. కార్తికంలో తెల్లవారుజామున స్నానం తప్పదు. ఆ మనిషి నోట ఆ మాట వినేసరికి నాకు మాట పడిపోయింది. "అమ్మా, కర్మకాండ అదీ..." అని నసిగాను. "దధీచి ఎముకలు ఇస్తే దేవతలు పుచ్చుకోలేదూ? నువ్వేగా పాఠం చెప్పేది" అంది. తరువాత కుడిచెయ్యి చాపి చూపించింది. ముంజేతిమీద ఆకుపచ్చగా తులసికోట, దానికింద మా అమ్మమ్మ పొడిపించిన పేరు. "నాది మాసిపోలేదులే. పిల్లలు చదువుకుంటారు. అయినా కాగితంమీద కూడా సరిగ్గా రాయి, అక్షరాలు తప్పుపోకుండా."

కాగితం తెచ్చాను. దానిమీద దాత సంతకంతోపాటు దగ్గరి బంధువుల సంతకాలు కూడా వుండాలి. దాత ఎంత గట్టిగా రాసినా, ఆ రోజున ఇంట్లోవాళ్లు కాదంటే కళాశాలవారు బలవంతం చెయ్యరు. అది మంచి పద్ధతే. అమ్మ సంతకం చేసింది. నేను చేశాను. మా ఆవిడ రెండురోజులు ఏడ్చి చేసింది. మిగిలింది విజయవాడలో వున్న మా అన్నయ్య.

అన్నయ్య దసరాకి వచ్చాడు. సంగతి విని మండిపడ్డాడు. "ఒరే, నీ దరిద్రపు పుస్తకాలు ఇంట్లో చేరినప్పుడే అనుకున్నాను. పెద్దకొడుకుని నేను బతికుండగా అమ్మకి నిప్పు లేకుండా చేస్తావా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. అతని దుఃఖం అబద్ధం కాదు. నిప్పు పెట్టడం అతనికి ఒట్టి ఆచారం కాదు, నాన్నకి పెట్టిన చెయ్యి అది. అమ్మే కలగజేసుకుని, "వాణ్ణేమీ అనకు, ఇది నా ఒళ్లు" అంది. ఆ మాటతో ఇద్దరం ఊరుకున్నాం.

ఆ రాత్రి దాహమై లేచి చూస్తే వసారాలో దీపం వెలుగుతోంది. అన్నయ్య బీరువా తెరిచి గ్రే పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. మార్జిన్లు చదువుతున్నాడు. నన్ను చూసి, "వీడు అరసున్నలు భలే రాశాడురా. మన తాతగారి చేతిరాతలా లేదూ?" అన్నాడు. ముంజేతి పుటదాకా వెళ్లాడో లేదో నేను అడగలేదు. మర్నాడు పొద్దున్న బండికి వెళ్లిపోయాడు. కాగితం ఆ పుస్తకంలోనే వుంది. అతని సంతకం ఇంకా పడలేదు.